ఆరో తరగతి బాబుకి ఫోన్ రోజుకి ఎంతసేపు? మీ ఇంట్లో ఏది నిలబడింది?

సుధ_గుంటూరు | ఆదివారం, రాత్రి 10:40

అందరికీ నమస్తే. మా బాబుకి పదకొండు నిండాయి, ఆరో తరగతి. నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తాం. బాబు నాలుగున్నరకి బడి నుంచి వస్తాడు, నేను ఇల్లు చేరేసరికి ఏడవుతుంది. ఆ రెండున్నర గంటలూ మా అత్తయ్యగారి దగ్గరే ఉంటాడు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, వాడి వెనకాల తిరగలేరు. ఫోన్ ఇస్తే ఒకచోట కూర్చుంటాడని ఇస్తారు. ఆవిడని తప్పుపట్టడానికి రాయడం లేదు. ఆవిడ లేకపోతే నేను ఉద్యోగం చేయలేను.

మొన్న శుక్రవారం రాత్రి పన్నెండు దాటాక మంచినీళ్ళకి లేచాను. వాడి గదిలో దుప్పటి కింద వెలుతురు కనిపించింది. తీసి చూస్తే అత్తయ్యగారి ఫోన్. బ్రైట్‌నెస్ అడుగంటా తగ్గించి, సౌండ్ ఆపేసి, వట్టి బొమ్మలు చూస్తున్నాడు. మాటలు వినపడకుండా ఏం అర్థమవుతుందిరా అంటే, "అర్థం కానక్కర్లేదమ్మా, అలా వస్తూనే ఉంటాయి" అన్నాడు. ఆ మాటతో నాకు తెల్లవార్లూ నిద్ర లేదు.

శనివారం మావారు కోపంగా ఫోన్ లాక్కుంటే వాడు తింటున్న కంచం విసిరేశాడు. వాడు ఎప్పుడూ అలా చేసిన పిల్లాడు కాదు.

ఈ వయసు వాడికి రోజుకి ఎంతసేపు ఇవ్వొచ్చు? హోంవర్క్ వాట్సాప్‌లోనే వస్తుంది, అదీ ఆ లెక్కలోదేనా? పెట్టిన హద్దు నిలబడాలంటే ఏం చేయాలి? మీ ఇళ్ళల్లో నిజంగా జరిగింది చెప్పండి.

కిరణ్_వైజాగ్ | సోమవారం, ఉదయం 7:05

సుధగారూ, ఎంతసేపు అని మొదలుపెడితే ఆ బేరం తెగదు. మా పాప ఐదో తరగతిలో ఉండగా ఫోన్ పూర్తిగా బంద్ చేశాం. మూడు రోజులు ఏడ్చింది, ఒక పూట అన్నం మానేసింది, వారం తిరిగేసరికి సర్దుకుంది. ఇప్పుడు ఏడో తరగతి, ఫోన్ అడగదు. పిల్లలకి అవసరం లేని వస్తువుకి గంటలు కట్టడం ఏమిటని నా ఉద్దేశం. కటువుగా ఉంటే మన్నించండి.

రజిత_హనుమకొండ | సోమవారం, ఉదయం 8:20

కిరణ్ అన్నా, మేము గట్లనే బంద్ పెట్టినం. నెల రోజులు మావోడు ఇంట్ల ఫోన్ ముట్టలే. మంచిగైంది అనుకున్న. ఒకనాడు పక్కింటామె వచ్చి, "మీవోడు రోజు మా ఇంటికొచ్చి మా పెద్దోని ఫోన్ల గేమ్ ఆడుతుండు, మీకు ఎరుకేనా?" అన్నది. నాకు ఎరుక లేదు. ట్యూషన్ అని గంట ముందుగాల ఎల్లిపోతున్నడంట. వాడు ఫోన్ చూసినందుకు కాదు, నాతోని అబద్ధం ఆడుడు నేర్చినందుకు ఏడ్చిన. అప్పటిసంది బంద్ అనే మాట తీసేసినం. చూడు, గాని హాల్ల కూసొని నా ముంగట చూడు, గంట చూడు అన్నం. మీ పాప సర్దుకున్నదంటె సంతోషమే అన్నా, కని అందరు పిల్లలు ఒక్క తీరు ఉండరు.

పిల్లల_వైద్యుడు_నెల్లూరు | సోమవారం, మధ్యాహ్నం 2:15

సుధగారు అడిగిన మొదటి ప్రశ్నకి సూటిగా చెప్తాను. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పిన ప్రకారం రెండేళ్ళ లోపు పిల్లలకి స్క్రీన్ అసలు వద్దు, బంధువులతో వీడియో కాల్ తప్ప. రెండు నుంచి ఐదేళ్ళ వరకు గంట మించకూడదు. ఐదు నుంచి పది వరకు రెండు గంటల లోపు. పది దాటిన వాళ్ళకి ఇన్ని గంటలని అంకె కట్టలేదు. రోజులో ఏవేవి తప్పకుండా ఉండాలో చెప్పారు: ఎనిమిది తొమ్మిది గంటల నిద్ర, కనీసం గంట ఆరుబయట ఆట, చదువు, భోజనం, స్నేహితులు, ఇంట్లో వాళ్ళతో కాసేపు. ఇవి పోగా మిగిలిన దాంట్లోనే స్క్రీన్.

మీ బాబు రోజునే తీసుకుందాం. నిద్ర 9 గంటలు. బడి, రాకపోకలు 8న్నర. హోంవర్క్ గంటన్నర. ఆట గంట. స్నానం, తిండి, తయారవడం అన్నీ కలిపి రెండున్నర. మొత్తం 22న్నర. మిగిలింది గంటన్నర, మీతో కబుర్లు కూడా అందులోనే పట్టాలి. అంటే బడి ఉన్న రోజుల్లో గంటకి మించి చోటే లేదు. ఈ లెక్క వాడి చేతే కాగితం మీద వేయించండి. నేను చూసిన పిల్లల్లో చాలామంది తామే వేసుకున్నాక గంట దగ్గర పెద్దగా గొడవపడరు, ఆట గంటలో కోత పెట్టి ఇటు కలుపుకోవాలని చూస్తారు. అక్కడ మాత్రం ఒప్పుకోవద్దు.

గంట సంగతి కంటే ముందు రాత్రి సంగతి తేల్చండి. పిల్లాడు పడుకునే గదిలో ఎవరి ఫోనూ ఉండకూడదు. పడుకోబోయే గంట ముందే అన్నీ ఆగిపోవాలి. నిద్ర తక్కువైన పిల్లాడికి మర్నాడు చిరాకు, ఆ చిరాకుకి మళ్ళీ ఫోన్. మీరు చెప్పిన కంచం సంగతిలో సగం ఆ శుక్రవారం రాత్రి నిద్రలేమిదే అనుకుంటున్నాను.

శ్రీని_డాలస్ | సోమవారం, రాత్రి 8:50

మావాడికి పన్నెండు. మేం గూగుల్ ఫ్యామిలీ లింక్ అనే యాప్ వాడుతున్నాం. రోజుకి ఇంతసేపు, రాత్రి ఇన్నింటికి తాళం అని నా ఫోన్ నుంచే పెట్టొచ్చు. కొత్త యాప్ వేసుకోవాలన్నా నన్ను అడుగుతుంది. టైమ్ అయిపోతే ఫోన్‌కి తాళం పడుతుంది, కాల్స్ మాత్రం చేసుకోవచ్చు. మంచి సాధనమే. కానీ నేను చేసిన పొరపాటు చెప్తాను. ఆఫీసు మీటింగులో ఉండగా "నాన్నా, ఇంకో పదిహేను నిమిషాలు" అని వచ్చేది. అప్పటికి వదిలితే చాలని నొక్కేసేవాణ్ణి. రెండు నెలల తర్వాత రిపోర్టు తెరిచి చూస్తే గంట అని పెట్టింది ఒక్కరోజూ గంట దగ్గర ఆగలేదు. తాళం వేసిందీ నేనే, అడిగిన ప్రతిసారీ తీసిందీ నేనే.

ఇంకోటి. ఫోన్‌కి తాళం పడగానే హాల్లో టీవీలో యూట్యూబ్ పెట్టుకునేవాడు. మా టీవీ ఈ లెక్కలోకి రాలేదు. కాబట్టి ముందు ఇంట్లో ఎన్ని తెరలున్నాయో లెక్కపెట్టండి. మా ఇంట్లో ఏడు తేలాయి, బడి ఇచ్చిన క్రోమ్‌బుక్ లాప్‌టాప్‌తో కలిపి.

సుధ_గుంటూరు | సోమవారం, రాత్రి 9:30

శ్రీనిగారూ, మా చిక్కంతా అక్కడే. బాబుకి సొంత ఫోన్ లేదు. వాడు చూసేది అత్తయ్యగారి ఫోన్. దానికి హద్దులు పెడితే ఆవిడ భజనలు, ఆవిడ చెల్లెలితో వీడియో కాల్ అన్నీ ఇరుకునపడతాయి. దానికి లాక్ కూడా లేదు, మర్చిపోతున్నానని ఆవిడే తీసేయించుకున్నారు.

డాక్టర్‌గారూ, లెక్క ఈ రాత్రే వేయించాను. మీరు అన్నట్టే ఆట దగ్గర అరగంట చాలన్నాడు.

నవీన్_మియాపూర్ | మంగళవారం, ఉదయం 6:40

నేను ఫోన్లు బాగుచేసే షాపులో పనిచేస్తాను, ఇలాంటివి రోజూ చూస్తాను. పెద్దవాళ్ళ ఫోన్‌కి వేలిముద్ర పెడితే ఒక్కోసారి పడదు, రేషన్ షాపు మిషన్ దగ్గర పడనట్టే. గీతల ప్యాటర్న్ పెడితే పిల్లలు ఫోన్‌ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని, గ్లాసు మీద వేలి జిడ్డు జాడ చూసి తీసేస్తారు. మా అక్క కూతురు నా కళ్ళ ముందే తీసింది. అంకెల పిన్ పెట్టండి. అమ్మగారు మర్చిపోనిది అయి ఉండాలి, కానీ ఇంట్లో వాళ్ళ పుట్టిన సంవత్సరం వద్దు.

యాప్ పిన్ అని సెట్టింగ్స్‌లో ఉంటుంది. ఏదైనా యాప్ తెరిచి పిన్ చేసి ఇస్తే, అందులోంచి బయటికి రావాలంటే లాక్ అడిగేలా పెట్టొచ్చు. డిజిటల్ వెల్‌బీయింగ్‌లో టైమర్ ఉంటుంది గానీ, దాన్ని ఫోన్ చేతిలో ఉన్నవాళ్ళు ఎవరైనా తీసేయొచ్చు, దాన్ని నమ్ముకోవద్దు. యూట్యూబ్‌లో ఆటోప్లే ఆపేస్తే ఒక వీడియో అయ్యాక ఇంకోటి దానంతటది మొదలవదు. షార్ట్స్‌కి మాత్రం ఇది ఉపయోగపడదు, అవి వేలితో తోసుకుంటూ పోయేవి.

నా సలహా అడిగితే, ఇంట్లో ఏ పాత ఫోనో ఉంటే సిమ్ లేకుండా బాబు పేరున పిల్లల అకౌంట్ చేసి, శ్రీనిగారు చెప్పిన ఫ్యామిలీ లింక్ దానికి పెట్టండి. అది హాల్లో చార్జర్ దగ్గర నుంచి కదలకూడదు. అమ్మగారి ఫోన్ అమ్మగారిది. ఒకే ఫోన్ ఇద్దరిదీ అయినంత కాలం ఏ సెట్టింగూ నిలవదు.

మామ్మ_బొబ్బిలి | మంగళవారం, ఉదయం 11:10

అమ్మా సుధా, నాకు టైపు రాదు, మాట్లాడితే రాసేదాంతో రాస్తున్నాను. నేనూ మీ అత్తగారి లాంటిదాన్నే. మనవరాలికి పదేళ్ళు. కూతురూ అల్లుడూ పొద్దున్న వెళ్తే రాత్రికి వస్తారు.

సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా నాకు సీరియళ్ళు. పిల్ల మామ్మా అని వస్తే ఫోన్ చేతిలో పెట్టేసేదాన్ని, నా సీరియల్ చెడకుండా. అది కదలకుండా కూర్చోవడం నాకూ హాయిగానే ఉండేది, దాపరికం ఎందుకు. అన్నం పెడితే ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయేది. బుగ్గలో ముద్ద అలాగే ఉండిపోయేది, నేను గడ్డం తడితే అప్పుడు నమిలేది. ఒకరోజు చెయ్యి కడిగాక ఏం కూర తిన్నావే అని అడిగాను. బీరకాయో ఆనపకాయో చెప్పలేకపోయింది. నాకు గుండె ఝల్లుమంది.

అప్పుడు రెండు సీరియళ్ళు మానేసి ఒకటి ఉంచుకున్నాను. గచ్చు మీద సుద్దతో అష్టాచెమ్మా గళ్ళు గీశాను. గవ్వలు లేవు, చింతపిక్కలు ఒక పక్క అరగదీశాను. మొదటి రోజు పది నిమిషాలకే విసుగేసి లేచిపోయింది. నాలుగో రోజు నా కాయని చంపింది. అప్పటి నుంచి బడి సంచి దింపగానే సుద్ద ఎక్కడ అంటుంది. శుక్లాల ఆపరేషన్ అయిందని చెప్పి పేపరు కూడా దాని చేతే చదివించుకుంటున్నాను, కళ్ళు బాగుపడ్డా ఆ సంగతి చెప్పలేదు.

నువ్వు మీ అత్తగారిని తప్పుపట్టకుండా రాశావు చూడు, అది చదివి కళ్ళు చెమ్మగిల్లాయి తల్లీ. ఆ రెండున్నర గంటలు ఎలా గడిస్తే ఆవిడకి కష్టం కాదో ఆవిడనే అడుగు.

బీటెక్_రెండో_సంవత్సరం | మంగళవారం, రాత్రి 11:25

నేను తల్లినీ తండ్రినీ కాదు, కంచం విసిరిన పిల్లాడిగా రాస్తున్నాను. 2020 సెప్టెంబరులో పబ్‌జీ నిషేధించినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. మా నాన్న పీడ వదిలిందన్నారు. నేను ఫ్రీ ఫైర్‌కి మారాను. 2022 ఫిబ్రవరిలో అదీ పోయింది. ఇంకోటి వచ్చింది. నా చేతిలోంచి ఆటలు పోతూ వచ్చాయి, ఆడే గంటలు మాత్రం తగ్గలేదు.

మా ఇంట్లో ఎవరికీ తెలియనిది ఒకటుంది. అలాంటి ఆటలో ఒక మ్యాచ్ ఇరవై, పాతిక నిమిషాలు నడుస్తుంది. నలుగురం జట్టుగా ఆడతాం. మధ్యలో లేచిపోతే మిగతా ముగ్గురూ ఓడిపోతారు, మర్నాడు బడిలో నాతో మాట్లాడరు. మా అమ్మ "ఇక చాలు" అని లాక్కున్నప్పుడల్లా నాకు కనిపించేది ఆ ముగ్గురి మొహాలే. "ఐదు నిమిషాలమ్మా" అన్నది అబద్ధం కాదు. అందుకే మీ బాబు ఏం చూస్తున్నాడో ముందు కనుక్కోండి. ఆటైతే నిమిషాల్లో కాకుండా మ్యాచుల్లో చెప్పండి: "రెండు మ్యాచులు, మూడోది మొదలుపెట్టకు." మొదలుపెట్టకముందే చెప్పాలి, మధ్యలో కాదు. వీడియో అయితే ఒకటి పూర్తిగా చూసి ఆపమనండి. షార్ట్స్, రీల్స్ మాత్రం ఇవ్వొద్దు ఆంటీ. వాటికి ఆగే చోటు లేదు. "అలా వస్తూనే ఉంటాయి" అని మీ బాబే సరిగ్గా చెప్పాడు.

తెలుగు_సార్_సిద్దిపేట | బుధవారం, సాయంత్రం 5:50

హోంవర్క్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా. కరోనాకు బడులు బంద్ ఉన్నప్పుడు, 2020 సెప్టెంబర్ 1న దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్ చానెల్‌లో పాఠాలు మొదలైనప్పుడు మేమే ఊరంతా ఇంటింటికి తిరిగినం. టీవీ లేనోళ్ళు పిల్లలకు ఫోన్ ఇయ్యుండ్రి, చదువు ఆగొద్దు అని బతిమాలినం. ఒక తండ్రి మేకలమ్మి ఫోన్ కొన్నడు. చదువు కోసం పిల్లల చేతికి ఫోన్ ఇప్పించిన వాళ్ళల్ల నేనూ ఉన్న. బడులు తెరిచినంక ఆ ఫోన్ చేతిలకెల్లి వెనక్కి తీసుకొమ్మని మాత్రం ఏ ఇంటికీ పోయి చెప్పలే. ఆ బాధ నాకు ఇంకా ఉన్నది.

అందుకే మా బడిల హోంవర్క్ డైరీల రాయిస్తున్నం. గ్రూపుల పెడితే పెట్టవచ్చు గాని, అది తల్లిదండ్రులకు, పిల్లలకు కాదు. అమ్మా, మీ బడిల నలుగురు తల్లులు కలిసి క్లాస్ టీచర్‌ను అడగండి, డైరీల రాయించమని. ఒక్కరు అడిగితే ఇనరు, నలుగురు అడిగితే ఇంటరు. అప్పటిదాక మీరు రాత్రి చూసి నోట్‌బుక్‌ల దించి పెట్టుండ్రి. హోంవర్క్ చూస్తున్న అని తీసుకున్న ఫోన్ హోంవర్క్ కాడ ఆగదు.

ఆప్టోమెట్రీ_కర్నూలు | గురువారం, ఉదయం 9:00

కంటి ఆసుపత్రిలో పనిచేస్తాను. సెలవుల తర్వాత అద్దాలకి వచ్చే పిల్లల్ని చూస్తుంటే బాధగా ఉంటుంది. బోర్డు మీద అక్షరాలు కనపడక పక్కవాడి నోట్సు చూసి రాసుకుంటుంటారు, ఇంట్లో ఎవరికీ తెలీదు. స్క్రీన్ ఎంత తగ్గించారన్నది ఎంత ముఖ్యమో, పగటి వెలుతురులో ఎంతసేపు ఉన్నారన్నదీ అంతే ముఖ్యం. తైవాన్‌లో 2010 నుంచి బడి పిల్లల్ని రోజుకి రెండు గంటలు ఆరుబయట ఉంచే పద్ధతి పెట్టారు, హ్రస్వదృష్టి, అంటే దూరంవి మసకగా కనపడడం, పెరగకుండా చూడడానికే. ఇంట్లో లైట్లు ఎన్ని వేసినా ఎండపొద్దు వెలుతురుకి సాటి రావు. చెట్టు నీడలో ఆడినా సరిపోతుంది. ఫోన్ చూసేటప్పుడు ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడమనండి. పడుకుని మొహానికి దగ్గరగా పెట్టుకుని చూడనివ్వద్దు.

పద్మ_కూకట్‌పల్లి | గురువారం, ఉదయం 9:40

ఆరుబయట సరే, ఎక్కడండీ? మా అపార్టుమెంట్ కింద కార్లే. "ఇక్కడ బంతి ఆట ఆడరాదు" అని బోర్డు. ఆడితే కింద ఫ్లాట్ ఆయన వచ్చి అరుస్తాడు. పిల్లల్ని పైకి తరిమేస్తాం, పైకొస్తే ఫోన్ చూస్తున్నారని తిడతాం. మేం పోయిన నెల అసోసియేషన్ మీటింగులో పట్టుబట్టి ఐదు నుంచి ఆరున్నర దాకా ఒక వైపు కార్లు పెట్టకుండా చేయించాం. ప్లాస్టిక్ బంతి మాత్రమే అన్న షరతు మీద. ఆ బోర్డు ఇంకా అలాగే ఉంది, తీయించాలి.

కిరణ్_వైజాగ్ | గురువారం, రాత్రి 10:15

అందరివీ చదివాను. పూర్తిగా బంద్ అన్న నా మాట మీదే ఉన్నాను, మా ఇంట్లో అది నడిచింది. అయితే రజితగారి పోస్టు చదివాక మా పాపని కూర్చోబెట్టి అడిగాను, స్నేహితుల ఇళ్ళల్లో చూస్తావా అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అప్పుడప్పుడు" అంది. తిట్టలేదు. నాకు చెప్పినందుకు మంచిదైంది అన్నాను. తర్వాత అది ఒక ప్రశ్న వేసింది: "నువ్వెందుకు రాత్రి చూస్తావు నాన్నా?" నేను పడుకునే ముందు గంటన్నర చూస్తాను. జవాబు చెప్పలేకపోయాను. ఈ రాత్రి ఫోన్ హాల్లో పెట్టి వచ్చాను, ఇది లాప్‌టాప్‌లో రాస్తున్నాను, ఇదీ మూసేస్తాను.

పిల్లల_వైద్యుడు_నెల్లూరు | శుక్రవారం, మధ్యాహ్నం 1:30

సుధగారు ప్రైవేటు మెసేజ్‌లో "వాడికి ఏదైనా జబ్బా" అని అడిగారు. ఆమె ఇక్కడే చెప్పమన్నారు కాబట్టి రాస్తున్నాను. ఒకసారి కంచం విసిరినందుకు జబ్బు అనుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆటల వ్యసనాన్ని రుగ్మతగా గుర్తించిన మాట నిజమే, కానీ మామూలుగా ఏడాది పాటు చదువు, తిండి, నిద్ర, స్నేహాలు అన్నీ దెబ్బతింటూ, తెలిసి కూడా మానలేని స్థితి అది. నెలల తరబడి బడి మానేయడం, ఇష్టమైన ఆటలూ స్నేహితులూ వదిలేయడం, ఇంట్లో డబ్బు తీయడం లాంటివి కనిపిస్తే ఆలస్యం చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. బెంగళూరు నిమ్‌హాన్స్ మానసిక వైద్య సంస్థలో దీనికి ప్రత్యేకంగా షట్ క్లినిక్ ఉంది. మీ బాబుకి ఇప్పుడు కావాల్సింది నిద్ర.

సుధ_గుంటూరు | ఐదు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:20

ఆలస్యమైంది, క్షమించండి. ఏం చేశామో రాస్తాను.

అత్తయ్యగారిని అడిగాను, మామ్మగారు చెప్పినట్టే. ఆవిడ ఒక్కటే అన్నారు, "వాణ్ణి కిందకి పంపితే దెబ్బ తగిలించుకుంటాడేమోనని భయం సుధా, అందుకే ఫోన్." ఈ మాట నాలుగేళ్ళుగా నాకు తెలియదు. ఇప్పుడు వాచ్‌మన్ భార్యకి చెప్పి ఐదు నుంచి ఆరు దాకా కింద ఆడిస్తున్నాం. అత్తయ్యగారు బాల్కనీలో కుర్చీ వేసుకుని చూస్తుంటారు.

ఆవిడ ఫోన్‌కి పిన్ పెట్టాం, మావారి పాత ఫోన్ బాబు పేరున చేశాం. బడి రోజుల్లో గంట, ఆరు నుంచి ఏడు. షార్ట్స్ లేవు. మొదటి వారం నరకం. రెండో రోజు వాడు తలుపేసుకుని గంటన్నర రాలేదు. మావారు తలుపు కొట్టబోతే నేనే ఆపాను. వచ్చాక ఆకలేస్తోంది అన్నాడు, దోసెలు పోశాను, ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

తొమ్మిదికి అందరి ఫోన్లూ వంటింట్లో మరమరాల స్టీలు డబ్బాలోకి వెళ్తాయి. మావారిది కూడా. ఆయనకి ఆఫీసు కాల్స్ వస్తాయి, డబ్బా మోగితే వెళ్ళి అక్కడే నిలబడి మాట్లాడతారు. బాబు రోజూ మూత తీసి నాలుగూ ఉన్నాయో లేదో లెక్క చూస్తున్నాడు.

నిలబడనివి కూడా చెప్పాలి. ఆదివారాలు మా వల్ల కావడం లేదు, ఒక్కోసారి మూడు గంటలు దాటుతోంది. హోంవర్క్ ఇంకా వాట్సాప్‌లోనే. ముగ్గురు తల్లులం కలిసి అడిగాం, చూస్తామన్నారు. చుట్టాలు వస్తే వాళ్ళ పిల్లల ఫోన్లతో అంతా తారుమారు.

దసరా సెలవులు వస్తున్నాయి. రోజంతా ఇంట్లోనే ఉంటాడు. మీరంతా ఏం చేస్తున్నారు?

రజిత_హనుమకొండ | ఆదివారం, రాత్రి 7:45

సుధక్కా, మేము బతుకమ్మకు మా అమ్మగారి ఊరికి పోతున్నం. ఆడ మావోడికి పూల పని. పొద్దుగాల సంచి పట్టుకొని తంగేడుకు, గునుగుకు వాళ్ళ మామతోని గుట్ట దిక్కు పోతడు, పది దాటితె గాని ఇంటికి రాడు. వచ్చినంక గునుగుపూలకు రంగులద్దుడు. పోయినేడు చేతులకు అంటిన గులాబి రంగు బడి తెరిచిందాక పోలే. మీకు ఊర్ల ఎవరన్న ఉంటె నాలుగు రోజులు తోలుండ్రి. ఫోన్ ఇంట్ల పెట్టి తోలుండ్రి.